గంగమ్మకు పత్యం

సుల్తానాబాద్ చుట్టుపక్కల పదకొండు ఊళ్లలో సర్కారు పదకొండు ఇనుప గొట్టాలను భూమిలోకి దింపి వదిలేసింది. మోకాలెత్తు పైకి, మూడు తాటిచెట్లంత కిందికి. వాటికి మోటారు లేదు, గిరక లేదు. ఆ నీళ్లు మనిషి తాగడు, గొడ్డు తాగదు. భూమిలో నీళ్లు నెలనెలా ఎంత దిగుతున్నాయో, ఎంత ఎక్కుతున్నాయో చూసుకోవడానికి తప్ప మరి దేనికీ పనికిరాని బోర్లు అవి. ఆ చూసే పని ఇబ్రాహీంది.

పంతొమ్మిది వందల అరవై ఆరు నాటికి ఆయనకు ముప్పై ఒక్కేళ్లు. మనిషి సన్నగా, ఎదురుగాలి వీస్తే సైకిలు ముందుకూ తను వెనక్కూ పోయేంత తేలికగా ఉండేవాడు. మాట మాత్రం బండెడు. పుట్టింది బెల్లంపల్లిలో. బాపు బొగ్గు గనిలో ఊరే నీళ్లను పైకి తోడే ఇంజను దగ్గర పనిచేసేవాడు. ఆయన గోడకు చెవి ఆనించి, రేపు నీళ్లు ఏ మూల నుంచి దూకుతాయో ఇవాళే చెప్పేవాడట. ఒకసారి ఆయన చెప్పిన మూల నుంచి నీళ్లతో పాటు మొసలి కూడా వచ్చిందట. ఇది ఇబ్రాహీం చెప్పిందే గనుక అందులో మొసలిని తీసేసినా నీళ్లు మిగులుతాయి.

ఏడో తరగతి దాకా ఉర్దూలో చదివాడు. నిజాం రాజ్యం పోయింది, వెనకే పంతుళ్లు మారారు, పుస్తకాలు మారాయి. పలక మీద కుడి నుంచి ఎడమకు పోయే చెయ్యిని ఎడమ నుంచి కుడికి తిప్పమంటే అది తిరగలేదు. రెండు నెలలు చూసి బడి మానేశాడు. బోర్లు తవ్వే మిషను వెంట కూలీగా ఊళ్లు తిరిగి, సుల్తానాబాద్ చేరి, అక్కడి ఉమ్రావ్ బేగంను నికా చేసుకుని నిలబడిపోయాడు. చివరికి కరీంనగర్‌లోని నీళ్ల ఆఫీసు వాళ్లు చేతికి ఒక ఇనుప టేపు, ఒక నోటుబుక్కు, సైకిలు మీద పోవడానికి పదకొండు ఊళ్ల పేర్లు ఇచ్చారు.

కచ్చా నౌకరి. ఆరు నెలలకు ఒకసారి ఆఫీసు నుంచి కాగితం వస్తే మరో ఆరు నెలలు ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. అట్లా ఆరేళ్లు పన్నెండు కాగితాల మీద బతికాడు. కానీ ఈ సంగతి పదకొండు ఊళ్లలో ఒక్క మనిషికీ తెలియదు. తెలియనివ్వలేదు. ఊళ్లలో ఆయన ఇబ్రాహీం సాబ్. నీళ్ల ఆఫీసరు. జిల్లాకు ఏ కలెక్టరు వచ్చినా ఈయనను అడగనిదే గ్లాసు ఎత్తడని ఆయనే చెప్పేవాడు.

టేపు కొలత చూసిన వాళ్లకు ఆ మాట నమ్మబుద్ధయ్యేది. గొట్టం మీది మూతకు రూపాయి బిళ్లంత రంధ్రం, దానికి కట్టె బిరడా. ఇబ్రాహీం చెప్పులు పక్కన విడిచి, గొట్టం చుట్టూ కట్టిన సిమెంటు గద్దె ఎక్కేవాడు. బిరడా తీసేవాడు. టేపు చివర రెండు గజాల మేర బడిసుద్ద రుద్దేవాడు. నీళ్లు తాకిన కాడికి సుద్ద తడిసి నల్లబడుతుంది, దాన్ని బట్టి లెక్క తెలుస్తుంది, అంతే సంగతి. కానీ ఆయన కళ్లు సగం మూసి, తల పక్కకు వంచి, టేపును రెండు వేళ్ల మధ్య జార్చేవాడు. పెదవులు కదిలేవి. అది అడుగుల లెక్కే గానీ చూసేవాళ్లకు మంత్రంలా ఉండేది.

బొంతగట్టు అనే ఊళ్లో బోరు సరిగ్గా ఆడవాళ్లు చేన్లకు పోయే బాట మీద ఉంది. మొదటి ఏడే ఒకనాడు బాలవ్వ అనే పెద్దామె కలుపు కొడవలి భుజాన వేసుకుని ఆగి అడిగింది.

"ఏం జేస్తున్నవ్ సాబ్, గా గొట్టంల?"

నీళ్లు కొలుస్తున్నానంటే సరిపోయేది. నాలుక ఊరుకోలేదు.

"గంగమ్మ నాడి జూస్తున్న బాలవ్వా."

"నాడి దొర్కిందా?"

"దొర్కింది. జర నీర్సం ఉన్నది. మాట్లాడకు, కొట్టుకునుడు ఇనవడ్తలేదు."

బాలవ్వ మాట్లాడకుండా నిలబడింది. ఇబ్రాహీం ముప్పై ఒక్క అడుగుల నాలుగు అంగుళాలు అని రాసుకుని, లోపల నవ్వుకుంటూ సైకిలెక్కాడు. ఆ నవ్వుకు తగిన శాస్తి ఆరేళ్ల తర్వాత జరిగింది.

అరవై అయిదులో వానలు ఎగ్గొట్టాయి. చెరువులు బురద తేలాయి. మరుసటి ఏడు ఎండలు ముదిరాక నాలుగు ఊళ్లలో గత్తర లేచి వాంతులు, విరేచనాలతో మనుషులు పడిపోయారు. ఆఫీసు వాళ్లకు హైదరాబాదు నుంచి తాకీదు వచ్చింది. కొలత బోర్ల నీళ్లు కూడా పరీక్షకు పంపాలి, బాగుంటే వాటి పక్కనే తాగే బోర్లు వేస్తారు. పదకొండు సీసాలు పోయాయి. పది బాగున్నాయని, బొంతగట్టు సీసాలో మాత్రం క్రిములు కుప్పలుగా ఉన్నాయని జవాబు వచ్చింది.

ఆఫీసులో ఇబ్రాహీం మీది అధికారి రామచంద్రం సారు. జగిత్యాల మనిషి. ఎదుటివాణ్ని కాగితంలాగే రెండు వైపులా తిప్పి చూసేవాడు.

"ఏమయ్య ఇబ్రాహీం, మూడు తాటిచెట్ల లోతుకు క్రిమి ఎట్ల దిగింది, నిచ్చెన ఏసుకున్నదా?"

"ఎర్క లేదు సార్."

"నీ టేపు కడుగుతున్నవా?"

"రోజు కడుగుత సార్. సబ్బు పెట్టి."

"సరే. బ్లీచింగ్ పౌడరు ఇస్తున్న. బోరును కడుగు. మూడుసార్లు చూస్త. మూడోసారి గూడ క్రిములొస్తే ఆ గొట్టంల రాళ్లు నింపి మూసుడే. దాని ఎంబడి నువ్వు గూడ ఇంటికి పోవచ్చు. ఒక్క గొట్టాన్ని శుభ్రంగ ఉంచనోనికి మళ్లీ ఆర్నెల్ల కాగితం నేను ఎట్ల రాయాలె? శుభ్రం జేసినవా, పక్కా నౌకరికి నీ పేరు పంపుత."

మొదటిసారి ఇబ్రాహీం ఉత్సాహంగానే పోయాడు. ఊరి పనులు చేసే సుంకరి అంతయ్యను సాయం పిలిచి మూత బోల్టులు విప్పించాడు. గొట్టంలో ఎన్ని బిందెల నీళ్లున్నాయో లెక్కేసి, దానికి తగినంత తెల్లపొడిని బకెట్లో కలిపి, గడ్డలు చిదిపి, పైకి తేరిన నీళ్లను వడకట్టి గొట్టంలో పోశాడు. తాడుకు బరువు కట్టి పైకీ కిందికీ ఆడించాడు, మందు అడుగు దాకా కలవాలని. మర్నాటి దాకా ఆగి, అడుగున మూత ఆడే పొడుగాటి డబ్బాతో వాసన పోయే వరకు తోడి పారబోశాడు. రెండు వందల డబ్బాలు తోడేసరికి అరచేతుల్లో బొబ్బలు లేచాయి. ఆ పొడి ఘాటుకు బొంతగట్టు కాకులన్నీ లేచి గోదావరి దాటి మహారాష్ట్రలో పడ్డాయట. వారం తర్వాత తిరిగొచ్చి మరాఠీలో అరిచాయట. కాకుల సంగతి అంతయ్య కూడా ఒప్పుకున్నాడు, మరాఠీ సంగతి దగ్గర మాత్రం కొంచెం నసిగాడు.

పక్షం రోజులు ఆగి సీసా నింపి పంపారు. క్రిములు. మునుపటి కంటే ఎక్కువ.

"బోరును కడిగినవా, కాగితాన్ని కడిగినవా?" అన్నాడు రామచంద్రం సారు.

ఇబ్రాహీం తన బొబ్బల చేతులు చూపించాడు. సారు వాటిని కూడా రెండు వైపులా తిప్పి చూశాడు. "సైకిలు హ్యాండిలుకు గూడ గిట్లనే అయితయి."

ఇబ్రాహీం సైకిలెక్కాడు. జీవితంలో ఎన్ని అబద్ధాలు చెప్పినా నమ్మిన జనం, ఒక్క నిజం చేసి చూపిస్తే నమ్మడం లేదు. మండే ఎండలో బొంతగట్టుకు తొక్కుతూ దారంతా సారును తిట్టుకున్నాడు, పొడిని తిట్టుకున్నాడు, కనిపించని క్రిమిని తిట్టుకున్నాడు. గద్దె ఎక్కి చూస్తే చీమలు. గొట్టం చుట్టూ ఎర్రచీమలు బారులు కట్టి, బిరడా సందులోంచి లోపలికీ బయటికీ పెళ్లివారిలా తిరుగుతున్నాయి. మూత మీద పసుపు మరకలు, ఎండిన వేపాకు. వేలు పెట్టి నాకి చూశాడు. బెల్లం.

బాలవ్వ ఇంటి ముందు సైకిలు పడేసి అడిగాడు.

"బాలవ్వా, గా గొట్టంల ఎవలు ఏం పోస్తున్నరు?"

"సాక పోస్తున్నం సాబ్," అంది బాలవ్వ, అదేదో అడగాల్సిన సంగతి కానట్టు. "పోచమ్మకు పొయ్యమా? గట్లనే. బెల్లం నీళ్లు, పసుపు, ఏపాకు, ఇంత కల్లు."

"గొట్టంలనా?"

"మరేడ పోస్తరు? నోరు గాడ్నే ఉన్నది గదా."

ఇబ్రాహీం అరుగు మీద కూలబడ్డాడు. బాలవ్వ నిదానంగా చెప్పింది. ఆరేళ్లుగా సాబ్ నెలనెలా నాడి చూస్తున్నాడు. నాడి చూస్తున్నాడంటే తల్లికి బాగా లేదన్నమాట. అయినా పండుగ పండుగకు ఒక చెంబు పోసి ఊరుకున్నారు. ఈ ఏడు గత్తర వచ్చింది, వానలు లేవు. ఆ మీద సాబ్ వచ్చి బకెట్లకొద్దీ మందు పోశాడు. అంత ఘాటు మందు పడిందంటే తల్లి చావుబతుకుల్లో ఉన్నట్టే కదా. అప్పటి నుంచి మంగళవారం, శుక్రవారం ఏడుగురు ఆడవాళ్లు ఏడు చెంబులు పోస్తున్నారు.

"క్రిములు పుడ్తున్నయి బాలవ్వా, మీ సాకతోని."

"మా చెంబుల ఒక్క పురుగుంటె సూపియ్. బట్టల వడవోసి తెస్తున్నం."

"అది కండ్లకు కనవడది."

"నీకు కనవడ్డదా?"

"నాకూ కనవడది."

"మరింక లొల్లి ఎందుకు?"

అది ఉత్త ఇనుప గొట్టమని, నాడి మాట తమాషాకు అన్నానని చెప్పాడు. బాలవ్వ నవ్వింది. పెద్ద వైద్యులు రోగం సంగతి ఇంటివాళ్లకు చెప్పరని, దాచిపెడతారని ఆమెకు తెలుసు. "మాకు భయమైతదని దాస్తున్నవ్ సాబ్. నీ గుణం నాకెర్కనే."

నిజం పనిచేయలేదు గనుక ఇబ్రాహీం తనకు చేతనైన దారి పట్టాడు. గొంతు తగ్గించాడు. "సరే, దాచి ఫాయిదా లేదు. మందు నడుస్తున్నది బాలవ్వా. మందు నడిచేటప్పుడు పత్యం ఉంటదా, ఉండదా?"

బాలవ్వ కూర్చున్నచోటే కొంచెం నిటారుగా అయింది. "అరె, ఉండద్దా మరి."

"నలభై దినాలు. బెల్లం బంద్. కల్లు బంద్. పసుపు బంద్. పత్యం తప్పితె గీ మందు పని జెయ్యది, నా పేరు బద్‌నామైతది."

"ముందుగల చెప్పొద్దా సాబ్. అనసూర్యకు చెప్త, అందరికి చెప్త. నీకేం ఫికర్ వద్దు."

ఆ రోజు సైకిలు మీద పోతూ ఇబ్రాహీం పాట పాడాడు. మళ్లీ పొడి పోసి, మళ్లీ రెండు వందల డబ్బాలు తోడి, పక్షం రోజుల తర్వాత సీసా పట్టడానికి సారు పంపిన మనిషితో పాటు వచ్చాడు. గద్దె మీద చీమ లేదు. పసుపు చుక్క లేదు. ధైర్యంగా బిరడా తీసి డబ్బా దింపి పైకి లాగాడు. తెల్లటి నురగ. పులిసిన కంపు. వాసనకు సీసా పట్టిన మనిషి మూడడుగులు వెనక్కి పోయాడు. ఇబ్రాహీం వేలు ముంచి చూసేసరికి వేలికి జిగురు అంటుకుంది.

గంజి.

"బెల్లం పొయ్యలే, కల్లు పొయ్యలే," అంది బాలవ్వ, చేన్లోంచి పిలిపించుకుని నిలబెట్టాక. "పత్యమున్నోళ్లకు గంజి గూడ పెట్టద్దని ఏ వైద్యుడన్నడు సాబ్? నలభై దినాలు కడుపుల ఏం లేకుంటె మనిషే లేవడు, తల్లి ఎట్ల లేస్తది? ఉప్పు గూడ ఎయ్యలే. సల్లారవెట్టి పోసినం."

ఇబ్రాహీం డబ్బాను గద్దె పక్కన బోర్లించాడు. గొట్టంలో ఏదీ పోయొద్దని చెప్పడం మరిచిందీ తనే, పత్యమనే మాట తెచ్చిందీ తనే. తిట్టడానికి తన పేరు తప్ప దొరకలేదు.

రెండో సీసా సంగతి చెప్పనక్కర్లేదు. రామచంద్రం సారు ఈసారి ఎగతాళి కూడా చేయలేదు. మూడోసారి సీసా పట్టడానికి తనే వస్తానని మాత్రం తారీఖు చెప్పాడు. ఆ తారీఖుకు నాలుగు రోజుల తర్వాత ఇబ్రాహీం పదమూడో కాగితం రావాలి.

ఇంట్లో ఉమ్రావ్ బేగం అంతా విని, రొట్టె కాలుస్తూ, ఆ ఆడవాళ్లతో ఉన్నదున్నట్టు చెప్పమంది. చెప్పానన్నాడు. "గొట్టం సంగతి చెప్పినవ్," అంది ఆమె. "నీ సంగతి చెప్పినవా?" ఆయన రొట్టె సగంలో వదిలేసి లేచి పోయాడు.

మూడోసారి పొడి పోసి, తోడి, ఇక కదలలేదు. అన్నం మూట తెచ్చుకుని గద్దె మీదే మకాం పెట్టాడు. మంగళవారం పొద్దున ఏడుగురు ఏడు చెంబులతో వచ్చేసరికి ఇబ్రాహీం గొట్టం మూత మీద, సరిగ్గా రంధ్రం కప్పేటట్టు కూర్చుని ఉన్నాడు.

బాలవ్వ చెంబు దించలేదు.

"లే సాబ్."

"లేవ."

"తల్లి నెత్తి మీద కూసున్నవ్."

"తల్లి లేదు, నెత్తి లేదు. గొట్టమున్నది."

వెనక నుంచి అనసూర్య అంది, "ఎండ దెబ్బ తాకినట్టున్నది. సాబ్‌కే ఇంత గంజి పోద్దామా?" ఒకరిద్దరు నవ్వారు.

"నవ్వుండ్రి," అన్నాడు ఇబ్రాహీం. "నన్ను ఆగం జేసి నవ్వుండ్రి."

"ఎవలు ఆగం జేసిండ్రు నిన్ను?" అని బాలవ్వ కొంగు దోపుకుంది. "నీ తల్లి లెక్క సూసుకుంటున్నం గంగమ్మను. ఇప్పుడు లేస్తవా, కలెక్టరుకు చీటి రాపియ్యమంటవా? నీ మాట ఇంటడంటివి గదా, నీ ముచ్చట గూడ ఇనని."

ఇబ్రాహీం నోరు తెరిచాడు. మామూలుగా అయితే అక్కడ ఒక కథ పుట్టాలి. కలెక్టరే ఈ మూత మీద కూర్చోమన్నాడనో, భూమి కింద ఇంకో గంగమ్మ ఉందనో. ఆరేళ్లుగా అడగకుండానే ఊరే నోరు ఆ పూట ఎండిపోయింది. కూర్చున్న ఇనుము కాలుతోంది. అరచేతుల బొబ్బలు పగిలి మండుతున్నాయి.

"కలెక్టరుకు నా పేరే ఎర్క లేదు," అన్నాడు.

బాలవ్వకు అర్థం కాలేదు. "ఏమంటివి?"

"నేను ఆఫీసరును కాను అవ్వా. కచ్చా నౌకరోన్ని. ఆర్నెల్లకోసారి కాగితమొస్తె పని, రాకుంటె లేదు. ఎల్లుండి మా సారు వచ్చి గీ నీళ్లు పట్టుకపోతడు. ఈపారి గిట్ల పాడు నీళ్లని తేలితె గీ గొట్టం మూస్తరు, నన్ను ఎల్లగొడ్తరు. మీరు పోసినప్పుడల్లా పాడైతున్నయి. గంగమ్మకు ఏం గాలే. అయ్యేదంత నాకే."

ఆరేళ్లలో ఆయన చెప్పిన మాటల్లో మొసలి లేనిది, కలెక్టరు లేనిది అదొక్కటే.

"పిల్లలెందరు?" అని అడిగింది బాలవ్వ.

"ఇద్దరు ఆడివిల్లలు."

బాలవ్వ నాలుగడుగులు నడిచి ఆ గంజిని కందిచేను గట్టున పోసింది. వెనకే అనసూర్య, ఆ వెనక మిగతావాళ్లు.

"తల్లి జర ఆగుతది," అంది బాలవ్వ. "పిల్లలు ఆగుతరా? గీ ముచ్చట మొదాల చెప్తె అయిపోవు గద, బిడ్డా."

బిడ్డా. ఇబ్రాహీంకు ఆ మాట మూత ఇనుము కంటే ఎక్కువ కాలింది.

గురువారం రామచంద్రం సారు జీపులో వచ్చి, మూత రెండు వైపులా చూసి, సీసా తన చేత్తో నింపి, మూతి మైనంతో మూసి తీసుకుపోయాడు. నీళ్లలో క్రిములు లేవని జవాబు వచ్చింది. బొంతగట్టు బోరు మిగిలింది. పదమూడో కాగితం కూడా వచ్చింది, ఆరు నెలలకే. పక్కా నౌకరి సంగతి అడిగితే, పేరు హైదరాబాదు పంపానని, అక్కడి నుంచి రావాలని సారు అన్నాడు.

మరుసటి నెల ఇబ్రాహీం బొంతగట్టు పోయి, చెప్పులు విడిచి గద్దె ఎక్కాడు. ఎవరూ ఆగలేదు. చేన్లకు పోయే ఆడవాళ్లు అటు చూసి, పాపం అన్నట్టు తల ఊపి నడిచిపోయారు. గంగమ్మ ఎట్లా ఉందని ఒక్కరూ అడగలేదు. బాలవ్వ మాత్రం రెండు జొన్నరొట్టెలు, ఇంత పుంటికూర తొక్కు మూటగట్టి తెచ్చి గద్దె మీద పెట్టింది.

"పక్కా అయిందా బిడ్డా?"

"కాలే అవ్వా."

ఆ తర్వాత ఆ ప్రశ్న బొంతగట్టులో ఆగలేదు. ఆడవాళ్లు అంగళ్లకు పోతారు, చుట్టాల ఇళ్లకు పోతారు. రెండు నెలల్లో పదకొండు ఊళ్లకూ తెలిసిపోయింది. ఎక్కడ సైకిలు దిగినా, ముందు మంచినీళ్లు, ఆ వెంటనే పక్కా అయిందా. కాలేదు అని చెప్పీ చెప్పీ ఇబ్రాహీంకు ఇంకే కథా చెప్పే సందు దొరకలేదు. ఉన్న నౌకరి నిలిచింది, ఆరేళ్లు కట్టుకున్న ఆఫీసరుగిరి పోయింది. రెండూ తన నోటితోనే జరిగాయి గనుక ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేదు. అదే ఆయనకు ఎక్కువ మంట.

అరవై ఎనిమిదిలో పదహారో కాగితం వచ్చింది. ఆరు నెలలకే. ఆ నెల బొంతగట్టులో టేపు సగం దింపి లెక్క పెట్టుకుంటుంటే బాలవ్వ పక్కన వచ్చి కూర్చుంది.

"కాలేనా?"

"కాలే." ఇరవై రెండు, ఇరవై మూడు.

"నీ మీది సారు పేరేంది?"

"రామచంద్రం సారు." ఇరవై నాలుగు.

"ఏ ఊరు?"

"జగిత్యాల."

"ఆయన అవ్వ ఉన్నదా?"

ఇబ్రాహీం టేపు ఆపాడు. "నాకేం ఎర్క?"

"తెల్సుకో. ఉంటె నేను, అనసూర్య పోయి మాట్లాడి వస్తం. బస్సు ఉన్నదట గదా జగిత్యాలకు."

"వద్దవ్వా. నీ కాల్మొక్త, ఆడికి పోకుండ్రి."

"నువ్వు ఊకో. నీతోని ఏమైతున్నది, ఎనిమిదేండ్ల సంది?"

బాలవ్వ అక్కడి నుంచి కదలలేదు. ఆయనకు అంకె జారిపోయింది. టేపు పూర్తిగా పైకి లాగి, తుడిచి, మళ్లీ సుద్ద రుద్దాడు. ఆ నెల కొలత మూడుసార్లు తీయాల్సి వచ్చింది.